రాకెట్ తీగల బిగువు: సొంతంగా గట్టింగ్, సంరక్షణ

టెన్నిస్ రాకెట్ కొనే వ్యక్తి సాధారణంగా ఫ్రేము బరువును, తలభాగం వైశాల్యాన్ని, తయారీ సంస్థ పేరును చూసి డబ్బు చెల్లిస్తాడు గాని, ఆటలో బంతిని తాకేది ఆ ఫ్రేముకు బిగించిన తీగలే. బంతి ఆ తీగల మీద నిలిచేది సెకనులో వెయ్యోవంతులు నాలుగైదు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనే తీగలు వెనక్కి వంగి, తమలోకి చేరిన శక్తిలో అత్యధిక భాగాన్ని తిరిగి బంతికి అప్పగిస్తాయి. బంతికి మాత్రం ఆ గుణం లేదు. 100 అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలిన సాధారణ రకం బంతి 53 నుంచి 58 అంగుళాల వరకే లేవాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం చెబుతున్నదంటే, తాకిడిలో దాదాపు సగం శక్తి బంతి నలిగిపోవడంలోనే ఖర్చవుతున్నదని అర్థం. అందువల్ల తీగలు కాస్త వదులుగా ఉండి ఎక్కువగా వంగితే, బంతి తక్కువగా నలిగి వేగంగా పోతుంది. తీగలు బిగువుగా ఉంటే బంతే ఎక్కువగా నలిగి, వేగం కొంత తగ్గి, ఆటగాడు కోరిన చోట పడే అవకాశం పెరుగుతుంది. బలంగా కొట్టాలంటే గట్టిగా బిగించాలని క్లబ్బుల్లో ఇప్పటికీ వినిపించే సలహా ఈ లెక్కన సరిగ్గా తలకిందులైనది.

ఆటస్థలాల్లో గట్టింగ్ అని పిలిచే ఈ తీగలు బిగించే పనికి కొలమానం బిగువు, అంటే ఒక్కొక్క తీగను యంత్రం ఎంత బలంతో లాగిందన్నది. దీన్ని పౌండ్లలోనో కిలోలలోనో చెబుతారు, 55 పౌండ్లంటే సుమారు 25 కిలోలు. దుకాణంలో 55 అని చెప్పి రాకెట్ ఇచ్చి వచ్చే ఆటగాడు ఆ అంకెను తన రాకెట్‌కు స్థిరమైన లక్షణంగా భావిస్తాడు. అయితే ఆ అంకె లాగిన క్షణానికి సంబంధించినది. లాగిన తీగను పట్టి ఉంచే క్లాంప్‌ను వదిలినప్పుడు, ముడి వేసినప్పుడు, ఫ్రేము సర్దుకున్నప్పుడు, ఆపైన తొలి రోజంతా తీగ తనంతట తాను సాగుతున్నప్పుడు కొంత కొంత తగ్గి, చివరికి రాకెట్‌లో మిగిలే బిగువు వేరే అంకె. పైగా ఆ తగ్గుదల యంత్రాన్ని బట్టి, తీగను బట్టి, బిగించే మనిషి చేతిని బట్టి మారుతుంది. సొంత రాకెట్‌కు సొంతంగా తీగలు బిగించుకోవడంలో డబ్బు ఆదా కన్నా పెద్ద లాభం ఇక్కడే ఉంది: ఒకే యంత్రం, ఒకే చెయ్యి, ఒకే క్రమం పాటిస్తే అంకె నిజమైనదైనా కాకపోయినా ప్రతిసారీ ఒకే ఫలితాన్నిస్తుంది, ఆటగాడికి కావలసింది ఆ నిలకడే.

అంకెలు ఒకరివి మరొకరికి ఎందుకు పనికిరావో చెప్పడానికి పెద్ద ఆటగాళ్ళ ఉదాహరణలు చాలు. చిన్న తలగల చెక్క రాకెట్‌తో ఆడిన బ్యోర్న్ బోర్గ్ తన తీగలను 80 పౌండ్ల దాకా బిగింపజేసేవాడు. 85 చదరపు అంగుళాల తలగల రాకెట్‌తో పీట్ సంప్రాస్ పేగుతో చేసిన సహజమైన గట్‌ను 75 పౌండ్ల ప్రాంతంలో వాడాడు. ఫ్రాన్స్‌కు చెందిన అడ్రియన్ మనారినో 30 పౌండ్లకు కూడా తక్కువ బిగువుతో ఆడతాడని ప్రసిద్ధి. తల చిన్నదైతే తీగ పొట్టిదవుతుంది, పొట్టి తీగ అదే బిగువు దగ్గర పొడుగు తీగకన్నా గట్టిగా ప్రవర్తిస్తుంది. 1976లో హోవర్డ్ హెడ్ రూపొందించిన 110 చదరపు అంగుళాల ప్రిన్స్ రాకెట్ వచ్చాక తలల పరిమాణం పెరగడంతో, పాత తరం అంకెలను కొత్త ఫ్రేములకు అప్పగించడం అర్థంలేని పనిగా మారింది.

ఈ తీగల కథ సంగీత వాద్యాల దగ్గర మొదలవుతుంది. వాల్టర్ వింగ్‌ఫీల్డ్ లాన్ టెన్నిస్‌కు పేటెంట్ పొందింది 1874లో. మరుసటి ఏడే ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో, అప్పటికే వాద్యాలకు పేగు తంత్రులు తయారుచేస్తున్న పియరీ బాబోలా ఈ కొత్త ఆటకు తీగలు చేయడం ప్రారంభించాడు. తొలి రోజుల్లో గొర్రె పేగు వాడేవారు, తరువాత ఆవు పేగు వచ్చింది. పేగు వెలుపలి పొరను సన్నని పట్టీలుగా చీల్చి, శుభ్రపరిచి, అనేక పట్టీలను కలిపి పురిపెట్టి, ఆరబెట్టి, పైపూత పూస్తే సహజ గట్ తయారవుతుంది. సాగి మళ్ళీ పూర్వస్థితికి రావడంలో, బిగువును ఎక్కువ కాలం నిలుపుకోవడంలో దానికి సాటి రాగల కృత్రిమ తీగ ఇంతవరకూ లేదని చెప్పడం అతిశయోక్తి కాదు. దాని లోపం ధర, అంతకు మించి తేమ: వానాకాలంలోనూ, విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలోనూ గాలిలోని తేమకు అది ఉబ్బి, పోగులు విడిపోయి, ఖర్చుకు తగినన్నాళ్ళు నిలవదు.

దాని స్థానంలోకి వచ్చిన నైలాన్ తీగలు రెండు రకాలు. మధ్యలో ఒకే లావుపాటి పోగు ఉండి దాని చుట్టూ సన్నని పోగులు చుట్టినదాన్ని సింథటిక్ గట్ అంటారు. వందలాది సన్నని పోగులను కలిపి జిగురుతో అతికినది మల్టీఫిలమెంట్, ఇది మెత్తగా ఉండి మోచేతికి హాయినిస్తుంది. మూడో రకమైన పాలియెస్టర్ ఒంటి పోగు తీగ చరిత్రను మార్చింది 1997లో, బెల్జియం సంస్థ లక్సిలాన్ తయారుచేసిన అటువంటి తీగతో ఆడిన బ్రెజిల్ యువకుడు గుస్తావో కుయెర్టెన్ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినప్పుడు. ఈ తీగ నున్నగా, బిరుసుగా ఉండటం వల్ల బంతి తాకినప్పుడు నిలువు తీగలు పక్కకు జారి, బంతి వదిలే లోపే చివుక్కున తమ చోటికి తిరిగివచ్చి, దానికి అదనపు గిరకను, అంటే స్పిన్‌ను ఇస్తాయి.

ఇదే గుణాన్ని ఇరవై ఏళ్ళ ముందు మరొకరు వేరే దారిలో సాధించి చిక్కులో పడ్డారు. జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ తయారుచేసిన స్పఘెట్టి రాకెట్‌లో నిలువు తీగలు రెండు వరుసలుగా ఉండి, అడ్డు తీగలతో అల్లుకోకుండా, ప్లాస్టిక్ గొట్టాల సాయంతో స్వేచ్ఛగా జారేవి. 1977 అక్టోబరులో ఎక్సాన్ ప్రొవాన్స్ పోటీల ఫైనల్లో ఇలీ నస్తాసె ఆ రాకెట్‌తో దిగగా, మట్టికోర్టుల మీద వరుసగా 50కి పైగా మ్యాచ్‌లు గెలిచి ఉన్న గియెర్మో విలాస్ ఆ బంతుల ధోరణికి విసిగి ఆట మధ్యలోనే విరమించాడు. అప్పటివరకు రాకెట్ అంటే ఏమిటో ఆట నియమావళిలో నిర్వచనమే లేదు. ఆ నెలలోనే తాత్కాలిక నిషేధం విధించిన సమాఖ్య 1978లో నియమం రాసింది: తీగలు ఒకదానికొకటి అడ్డంగా ఉండి, కలిసేచోట మార్చి మార్చి పైకీ కిందికీ అల్లుకోవాలి లేదా అతికి ఉండాలి, అల్లిక అంతటా ఒకే తీరుగా ఉండాలి, మధ్యభాగంలో పలచబడరాదు. ఇంట్లో కూర్చుని తీగలు అల్లేవాడు ఒక్కచోట పైనుంచి పోవలసిన తీగను కిందినుంచి పోనిస్తే, సూక్ష్మంగా చూస్తే ఆ నియమాన్ని తప్పినట్టే.

యంత్రం లేకుండా టెన్నిస్ రాకెట్‌కు తీగలను నిలకడైన బిగువుతో బిగించడం సాధ్యమయ్యే పని కాదు. ఇంటివాడకానికి తగినది డ్రాప్‌వెయిట్ యంత్రం: ఒక కడ్డీ మీద జరిపే బరువును కావలసిన అంకె దగ్గర నిలిపి, తీగను దాని పట్టుకు తగిలించి వదిలితే, కడ్డీ కిందికి వాలుతూ నేలకు సమాంతరంగా నిలిచినప్పుడు తీగపై ఆ అంకెకు సరిపడ బలం పడుతుంది. కడ్డీ నేలకు సమాంతరంగా వచ్చిందా లేదా అని కొత్తవారు పడే ఆందోళన అనవసరం. అది 10 డిగ్రీలు పైకో కిందికో నిలిచినా తేడా సుమారు ఒకటిన్నర శాతం, అంటే 55 పౌండ్లలో ఒక్క పౌండు కూడా కాదు. భూమ్యాకర్షణ అలిసిపోదు కనుక తీగ సాగుతున్నా ఆ బరువు లాగుతూనే ఉంటుంది. చేతితో తిప్పే క్రాంక్ యంత్రం అలా కాక, అనుకున్న అంకె రాగానే ఆగి బిగుసుకుపోతుంది, ఆ క్షణం నుంచి తీగ సాగినకొద్దీ బిగువు పడిపోతుంది. అందుకే రెండు యంత్రాల మీదా 55 అని బిగించిన రెండు రాకెట్లలో క్రాంక్ మీద బిగించినది మెత్తగా ఉంటుంది. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఎలక్ట్రానిక్ యంత్రం నిరంతరం లాగే పద్ధతినే మోటారుతో చేస్తుంది. ఏడాదికి రెండుసార్లు మాత్రమే తీగలు మార్చేవారికి ఏ యంత్రమూ గిట్టుబాటు కాదు. ఆడే పిల్లలిద్దరున్న ఇంటికి, వారానికి నాలుగు రోజులు ఆడే మనిషికి అది త్వరగానే ఖర్చు తీర్చుకుంటుంది.

పని మొదలయ్యేది పాత తీగలను కోయడంతో, ఆ కోత కూడా తోచినట్టు చేయరాదు. ముందుగా ఏ తీగ ఏ రంధ్రం నుంచి వచ్చి ఎక్కడ ముడిపడిందో ఒక ఫోటో తీసుకుని, ఆ తరువాత నడిమి నుంచి మొదలుపెట్టి అడ్డూ నిలువూ కలిపి అంచుల వైపు కోసుకుపోవాలి. అన్ని నిలువు తీగలనూ ముందు కోసేస్తే అడ్డు తీగల బలం ఒక్కటే మిగిలి ఫ్రేమును పక్కలనుంచి నొక్కుతుంది. ఆటలో ఒక తీగ తెగినప్పుడు మిగిలినవాటిని కూడా వెంటనే కోసివేయమని చెప్పేది ఇందుకే. తీగలు తీసేశాక ఫ్రేము చుట్టూ ఉన్న గ్రామెట్లను, అంటే తీగ కార్బన్ అంచుకు రాసుకోకుండా ప్రతి రంధ్రంలోనూ ఉండే ప్లాస్టిక్ గొట్టాలను, ఒక్కొక్కటిగా చూడాలి. చీలిన గ్రామెట్ దగ్గర ఎంత ఖరీదైన తీగ అయినా నాలుగు రోజుల్లో తెగుతుంది.

ఒక రాకెట్‌కు సరిపడే తీగ చుట్ట సుమారు 12 మీటర్లు. 16 నిలువు, 19 అడ్డు తీగల ఫ్రేముకు ఒకే తీగతో మొత్తం పని చేయదలిస్తే, రాకెట్ నిడివికి నాలుగు రెట్లకు కాస్త పైగా పొడవును చిన్నవైపుగా వదిలి, మిగిలినదంతా పెద్దవైపుగా ఉంచుకోవాలి. చిన్నవైపుతో ఒక పక్క ఎనిమిది నిలువు తీగలు పూర్తవుతాయి, పెద్దవైపు రెండో పక్క ఎనిమిదింటికీ, అడ్డు తీగలన్నింటికీ సరిపోతుంది. నిలువు తీగలు మగ్గం మీద పడుగు వంటివి, అడ్డు తీగలు పేక వంటివి. పడుగు మొత్తం బిగిసిన తరువాతే పేక పడుతుంది. నడిమి రెండు తీగలతో ప్రారంభించి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున లాగుతూ, ఏ పక్కా రెండోదానికన్నా రెండు మూడు తీగల మించి ముందుకు పోకుండా చూడాలి. ప్రతి తీగనూ లాగాక దాన్ని క్లాంప్‌తో పట్టించి, ఆ తరువాతే యంత్రం పట్టు వదలాలి. క్లాంప్ వదులుగా ఉంటే తీగ జారుతుంది, మరీ బిగిస్తే నలుగుతుంది; జారిన గుర్తు తీగ మీద తెల్లగా కనబడుతుంది.

నిలువు తీగలన్నీ పూర్తయ్యేసరికి ఫ్రేము పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది, దాన్ని తిరిగి సొంత ఆకారానికి తెచ్చేవి అడ్డు తీగలు. అందువల్ల సగం పనిలో రాకెట్‌ను యంత్రం మీదనుంచి దింపడం, రాత్రికి అలాగే వదిలేయడం ఫ్రేమును చేజేతులా విరగ్గొట్టుకోవడమే. అడ్డు తీగలను తలభాగం నుంచి పిడివైపు అల్లుకుంటూ రావడం ఫ్రేముకు క్షేమం. ఒక తీగ నిలువు తీగ మీదుగా మొదలైతే తరువాతిది కిందుగా మొదలుకావాలి. పై చేతి వేళ్ళు తీగకొసను కిందికి నొక్కుతుంటే, అడుగున ఉన్న చేతి వేళ్ళు దాన్ని తిరిగి పైకి తోస్తూ ముందుకు నడుపుతాయి. పాలియెస్టర్ తీగ కొసను ఏటవాలుగా కోసి సూదిమొనలా చేసుకుంటే ఇరుకు రంధ్రాలలో తేలికగా దూరుతుంది. మొత్తం పనిలో కొత్తవారు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే: అల్లిన తీగ మిగులు పొడవును ఒక్క ఊపున లాగేస్తే, మీటర్ల కొద్దీ తీగ నిలువు తీగల మీద ఒకే చోట వేగంగా ఒరుసుకుని, రాపిడి వేడికి గాడి పడి, ఆ గాడి దగ్గరే కొద్ది రోజుల్లో తెగుతుంది. మిగులు తీగను వంపుగా పట్టుకుని, లాగుతున్నంతసేపూ పైకీ కిందికీ ఆడిస్తూ, రాపిడి ఒకే చోట పడకుండా నెమ్మదిగా తెచ్చుకోవాలి. లాగే ముందు ప్రతి అడ్డు తీగనూ వేళ్ళతో తిన్నగా సర్దాలి, వంకరగా ఉన్నప్పుడు లాగితే ఒరిపిడి పెరిగి బిగువు అంతటా అందదు.

ముడి వేయడానికి ఫ్రేములో ప్రత్యేకంగా కాస్త పెద్ద రంధ్రాలుంటాయి. అప్పటికే బిగిసి ఉన్న ఒక తీగ చుట్టూ కొసను తిప్పి, ఏర్పడిన వలయంలోంచి తీసి బిగించి, మళ్ళీ ఒకసారి అదే చేస్తే జంట ముడి పడుతుంది. నోస్‌ప్లయర్‌తో దాన్ని గ్రామెట్‌కు ఆనేలా లాగి, కొసను అర సెంటీమీటరు వదిలి కోయాలి. రంధ్రం ఇరుకుగా ఉందని ఆరతో పొడిచి పెద్దది చేసేవారు ఆ మొన పక్క తీగకు తగలకుండా జాగ్రత్తపడాలి, గీత పడిన తీగ అప్పటికప్పుడే టప్పున తెగిపోయి గంట శ్రమను వృథా చేస్తుంది. ముడి దగ్గర తగ్గే బిగువును పూడ్చడానికి చివరి తీగను నాలుగైదు పౌండ్లు అదనంగా లాగే అలవాటు చాలామందిలో ఉంది. బంతి తగలని అంచు తీగకు అంత సేవ అక్కరలేదు గాని, చేసేవారు ప్రతిసారీ చేయాలి, మానేవారు ప్రతిసారీ మానాలి. మొదటిసారి ఈ పనంతటికీ రెండు మూడు గంటలు పట్టినా, చెయ్యి తిరిగాక ముప్పావు గంటలో ముగుస్తుంది.

తీగలు బిగిసిన తరువాత వాటి స్థితిని తెలుసుకోవడానికి చెవే మంచి సాధనం. తీగల నడుమ వేలితోనో పెన్నుతోనో మీటితే వచ్చే స్వరం బిగువు వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది. బిగువు పది శాతం తగ్గితే స్వరం ఐదు శాతం దిగుతుంది, అంటే షడ్జం నుంచి కాకలి నిషాదానికి దిగినంత. సంగీతం తెలియనివారు గట్టింగ్ అయిన రోజున ఆ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకుంటే, నెల తరువాత పోల్చి చూసుకోవచ్చు. దానితోపాటు ఒక చిన్న పుస్తకంలో తేదీ, తీగ పేరు, మందం, లాగిన అంకె, ఎన్ని గంటలు ఆడినది, ఎక్కడ తెగినది రాసుకుంటూ పోతే, నాలుగైదు పద్దులకే తన బిగువు ఏదో ఆటగాడికి తెలిసిపోతుంది. తెగినచోటు కూడా ఒక సాక్ష్యమే: నడిమిలో నిలువు తీగ తెగితే అది మామూలు అరుగుదల, తలభాగం అంచున తెగితే బంతి తప్పుగా తగులుతున్నదనో గ్రామెట్ చెడిందనో గ్రహించాలి.

వారానికి ఎన్నిసార్లు ఆడితే ఏడాదికి అన్నిసార్లు తీగలు మార్చాలన్న పాత సూత్రం నైలాన్‌కు చాలినా పాలియెస్టర్‌కు చాలదు. ఆ తీగ తెగకముందే చచ్చుబడుతుంది: జారిన నిలువు తీగలు తమ చోటికి తిరిగిరావు, బంతి దూరంగా పోతుంది, తాకిడి అదురు మోచేతికి ఎక్కుతుంది. ఎదిగే పిల్లల రాకెట్లకు పూర్తిగా పాలియెస్టర్ బిగించడం, ప్రసిద్ధ ఆటగాళ్ళు వాడుతున్నారన్న ఒక్క కారణంతో, తల్లిదండ్రులు మానుకోవలసిన పని. నిలువుకు ఒక రకం, అడ్డానికి మరొక రకం బిగించే హైబ్రిడ్ పద్ధతిలో రోజర్ ఫెదరర్ నిలువుకు సహజ గట్, అడ్డానికి పాలియెస్టర్ వాడాడు. సాధారణ ఆటగాడు నైలాన్‌తో ఈ ఏర్పాటును తక్కువ ఖర్చులో చేసుకోవచ్చు. తీగల మధ్య దూర్చే రబ్బరు బిళ్ళ, అంటే డాంపెనర్, తీగల మోతను ఆపుతుందే తప్ప ఫ్రేము అదురును ఆపదు. దాన్ని అల్లిక వెలుపలే ఉంచాలన్నది నియమం.

తెలుగు ప్రాంతాల్లో రాకెట్‌కు ప్రధాన శత్రువు ఎండ. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో నీడలేని చోట నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు, ఆ వేడికి తీగలు మెత్తబడి ఒక్క మధ్యాహ్నంలోనే చెప్పుకోదగ్గ బిగువును పోగొట్టుకుంటాయి. మట్టికోర్టుల మీద తీగల మధ్య చేరే సన్నని ఇసుక, అడ్డూ నిలువూ కలిసేచోట తీగను కోస్తుంది కనుక ఆట అయ్యాక పొడిగుడ్డతో తుడవడం మంచిది. చెమట పిడికి చేసే హాని ఇంకా త్వరగా కనిపిస్తుంది. పైన చుట్టే పలుచని ఓవర్‌గ్రిప్‌ను వేసవిలో తరచుగా మార్చాలి, అడుగున ఉన్న అసలు గ్రిప్ గట్టిపడి జారడం మొదలైతే దాన్నీ తీసివేసి, పిడి అడుగునుంచి పైకి సమానంగా లాగుతూ కొత్తది చుట్టాలి. ఒక ఓవర్‌గ్రిప్ పిడి చుట్టుకొలతను సుమారు అంగుళంలో పదహారోవంతు పెంచుతుందన్నది పిడి సైజు ఎంచుకునేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతిసారీ తీగలు తీసిన తరువాత, కొత్తవి ఎక్కించే ముందు, ఖాళీ ఫ్రేమును వెలుతురులో తిప్పి చూడటం తప్పనిసరి. రంగు పెచ్చులూడటం వేరు, పగులు వేరు. గోరుతో గీరినప్పుడు అంచు తగులుతూ, బొటనవేలితో నొక్కినప్పుడు కదలిక తెలిస్తే అది పగులే. అలాంటి ఫ్రేము నిలువు తీగలు సగం కాకముందే యంత్రం మీద విరగవచ్చు కనుక, దాని గ్రామెట్ పట్టీలను, తలభాగాన్ని రాపిడి నుంచి కాపాడే బంపర్‌ను ఊడదీసి అదే మోడల్ మరో రాకెట్ కోసం దాచుకుని, ఫ్రేమును పక్కన పెట్టేయాలి.